అంబాసిడర్ ఇంజనుకు రంగు వేసే ముందు

మృగశిర దగ్గర పడుతోంది. ఇంజను విప్పి పెట్టుకున్న కోనసీమ, భీమవరం మిత్రులు తొలకరికి ముందే రంగు పని ముగించుకోండి. చెమ్మ గాలిలో వేస్తే మెరుపు పోయి తెల్లబారుతుంది.

• ఇంజను నంబరు మీద గ్రైండరు పెట్టకండి. అంకె చెరిగితే ఆర్సీ రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. అక్కడ పలచగా ఒక్క పూత చాలు.

• ఇంజను పూర్తిగా విప్పకుండా ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత రంగు, తుప్పు తీయడం) వద్దు. ఆయిల్ దారిలో ఇసుక చేరితే బేరింగులు గీరుకుపోతాయి.

• అసలు రంగు ఫొటోల్లో వెతక్కండి. డైనమో బ్రాకెట్ విప్పి, వెనకున్న జిడ్డును మెల్లగా గీకండి. నాకు అగ్గిపెట్టెంత జాగాలో పాత రంగు చెక్కుచెదరకుండా కనిపించింది. దాన్ని చూపించే కొత్త రంగు కలిపించాను.

• కిరోసిన్‌తో కడిగి వదిలేయకండి. జిడ్డు పొర మిగిలి రంగు పెచ్చులూడుతుంది. తెల్ల గుడ్డకు మరక అంటనంత వరకు థిన్నరుతో తుడవండి. కాలవ గట్టు ఊళ్లలో శుభ్రం చేసిన ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది, అందుకే ప్రైమరు (రంగు కింద వేసే తొలి పూత) అదే పూట పడాలి.

• గేట్లకు వేసే ఎనామిల్ వద్దు, వేడికి ఆగదు. బ్లాకుకు (ఇంజను ప్రధాన దిమ్మె) ఇంజను ఎనామిల్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు (పొగ బయటికి పోయే ఇనుప గొట్టాలు) 600 డిగ్రీలు తట్టుకునే రంగు.

• గాస్కెట్ (రెండు భాగాల మధ్య కారకుండా పెట్టే పలచటి పొర) కూర్చునే ముఖాలకు రంగు అంటకుండా టేపు వేయండి, లేదంటే ఆయిల్ కారుతుంది.

• రెండో పూతకు ముందు ఎంతసేపు ఆగాలో డబ్బా మీద రాసినట్టే పాటించండి. సగం ఆరినప్పుడు వేస్తే ముడతలు పడుతుంది.