తాళ్ల కార్ఖానాలో పనిచేసిన అవ్వ చేత ఆ కబుర్లు చెప్పించాలంటే

మా చిత్తూరు పక్క పల్లెల్లో ఏ అవ్వనైనా "అప్పటి సంగతులు చెప్పవ్వా" అని అడిగి చూడండి, "ఏముంది నాయనా చెప్పేదానికి, తాడు పేనినాము, కూలి తీసుకున్నాము" అంటుంది, అంతే. అందుకే ముందు ప్రశ్నలు వద్దు. ఇంట్లో ఒలిచిన టెంకాయ పీచు నానబెట్టి, రోకలితో నలగ్గొట్టి, ఆరాక ఆమె చేతిలో పెట్టండి.

ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేయండి. వీడియో అయితే ముఖం కంటే వేళ్లు ముఖ్యం. పీచు ఎంతెంత అందించాలో మా అవ్వ మాటల్లో చెప్పలేకపోయింది కానీ, బొటనవేలితో చూపుడువేలి మీద రుద్దుతూ పోతుంటే పోగు ఎక్కడా లావు సన్నం కాకుండా వచ్చింది.

తర్వాత పని వరసలోనే అడగండి. పీచు ఎక్కడ నానేసేవాళ్లు, రాట్నం ఎవరు తిప్పేవాళ్లు (పిల్లల చేత తిప్పించారా అని తప్పకుండా అడగండి), నడుముకు పీచు కట్టుకుని వెనక్కి నడిచేది ఎవరు. కూలి రోజు లెక్కా, తాడు లెక్కా అని అడిగారంటే ఇంక ఆగదు, తూకంలో కోతలు, కోసుకుపోయిన అరచేతులు, పక్క రాట్నం అక్కతో స్నేహం అన్నీ బయటికొస్తాయి.

పని గురించి మీకూ కాస్త తెలిసుండాలి. పోగులు కలిపిన పాయను పురి అంటారు, ఒక్కో పురిని ఒక దిక్కుకు మెలిపెట్టి, మూడింటినీ కలిపేటప్పుడు ఎదురు దిక్కుకు తిప్పుతారు, విడిపోవాలని చూసే పురే పక్కదాన్ని బిగించి పట్టుకుంటుంది కాబట్టి తాడు నిలబడుతుంది. మెలిక పడేకొద్దీ పొడవు తగ్గుతుంది, అందుకని అవతలి కొసను బరువు పెట్టిన బండికి కడతారు, అది మెల్లగా ముందుకు జరుగుతుంది. మీ అవ్వ వాళ్ల దగ్గర ఆ బరువు చూసుకునేది ఎవరో అడగండి. అది తక్కువైతే తాడు వదులుగా వస్తుంది, మరీ ఎక్కువైతే పురి తెగుతుంది, ఎవరికి తిట్లు పడేవో అప్పుడు తెలుస్తుంది.

చేంతాడు, పలుపు (పశువుల్ని కట్టేసే తాడు), పగ్గం, కపిల మోకు (ఎద్దులతో బావి నీళ్లు తోడే లావు తాడు), ఒక్కోటీ ఎవరు కొనేవాళ్లో, మోటార్లూ నైలాన్ తాళ్లూ వచ్చాక ఏది ముందు ఆగిపోయిందో కూడా రాసుకోండి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో 8వ రోజు రథోత్సవం టీవీలో వస్తుంటే పక్కన కూర్చోండి, ఆ మోకు చూసి ఆమే మొదలుపెట్టొచ్చు.

రాసింది ఆమెతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చదివి వినిపించండి. "అట్ల కాదు" అన్నచోటల్లా మొదటిది కొట్టేయకుండా, రెండో మాట కూడా పక్కనే రాయండి.