సొంత ఊళ్లో సినిమా: డైరెక్టరూ నిర్మాతా మీరే అయితే

శ్రీకాకుళం జిల్లాలో సినిమా మొదలుపెట్టడం కష్టం కాదు. కెమెరా అద్దెకి దొరుకుతుంది. నాటకాలాడే మంచి నటులు ఊరూరా ఉన్నారు. కొబ్బరికాయ కొట్టే రోజు అందరూ వస్తారు. షూటింగ్ ముగించి గుమ్మడికాయ కొట్టే రోజుదాకా లాక్కెళ్లడమే కష్టం. సొంత డబ్బుతో రెండు చిన్న సినిమాలు తీశాను. మొదటిది మధ్యలో ఎందుకు ఆగిందో ముందు చెప్తాను.

తండ్రీకొడుకులు పొలం గట్టు మీద గొడవపడే సీను అది. ఆమదాలవలస అవతల ఒక రైతు పొలంలో అక్టోబరులో సగం తీశాం. చేను పచ్చగా, ఏపుగా ఉంది. నాలుగో రోజుకి డబ్బులైపోయాయి. అప్పు చేసి డిసెంబరులో తిరిగి వెళ్లేసరికి కోతలైపోయాయి, కుప్పలు వేసేశారు. తండ్రి మాట పచ్చటి చేలో, కొడుకు జవాబు ఎండిన దుబ్బుల్లో ఎలా అతుకుతాయి? ఆ సీను కోసం ఇంకో ఏడాది ఆగాం. నా దర్శకత్వంలో లోపం లేదు, నిర్మాతగా నేను లెక్క వేసుకోలేదు.

అందుకే రెండు పుస్తకాలు పెట్టండి. మొదటిది డైరెక్టరుది: సీన్లు, షాట్లు. రెండోది నిర్మాతది. అందులో ప్రతి సీనుకీ ఎవరు కావాలి, ఎక్కడ, ఏ నెలలో, ఎంతవుతుంది అని రాయాలి. ఏ నెల అన్న గడి మన జిల్లాలో చాలా ముఖ్యం. నాట్లు జులై, ఆగస్టుల్లో. కోతలు సంక్రాంతికి ముందే అయిపోతాయి. అక్టోబరులో సముద్రాన్ని నమ్మకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే వచ్చాయి. బారువ, కళింగపట్నం సీన్లు జనవరి తర్వాత పెట్టుకోండి. విజయనగరం సిరిమానోత్సవం కథలో ఉంటే అది దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఏడాదికి ఒక్కసారే, రీటేక్ ఉండదు. ఆ రోజుకి రెండు కెమెరాలు, ముందురోజే చూసిపెట్టుకున్న ఒక మేడ ఉండాలి.

డబ్బు గురించి నా పద్ధతి ఒకటే: చేతిలో ఉన్నదాంట్లో సగమే షూటింగుకి. మిగతా సగం ఎడిటింగ్, డబ్బింగ్, మిక్సింగ్, సెన్సార్‌లకి వేరే బ్యాంకు ఖాతాలో వేసి ముట్టుకోకండి. సగంతో షూటింగ్ అవ్వదనిపిస్తే కథలో మనుషుల్ని తగ్గించండి, రోజుల్ని కాదు. బేటా, అంటే పనిచేసేవాళ్లకిచ్చే రోజువారీ డబ్బు, ఏ రోజుది ఆ సాయంత్రమే చేతికిచ్చి సంతకం తీసుకోండి. భోజనం ఒంటిగంటకి రావాలి. ఆకలితో ఉన్న లైట్‌మ్యాన్ మూడు గంటలకి మీ మాట వినడు, వినక్కర్లేదు కూడా.

కాగితాలు త్వరగా చెప్పేస్తాను. ఇల్లు ఇచ్చినవాళ్లు, నటులు, కథ రాసినవాళ్లు, సంగీతం చేసినవాళ్లు, అందరి దగ్గరా షూటింగుకి ముందే రాతపూర్వకంగా ఒప్పందం తీసుకోండి. రేపు కొనేవాళ్లు అడిగేది వీటినే. శాలిహుండం స్తూపాల దగ్గర తియ్యాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, రైల్వే స్టేషనులో అయితే రైల్వే వాళ్లది. ఫ్రేములో ఎడ్లబండి పెడుతున్నారా? జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోండి, సెన్సార్ దగ్గర అడుగుతారు.

ఇక భాష. ఇది నాకు అన్నింటికన్నా ముఖ్యం. మన యాసని పనివాడి నోటా, నవ్వించేవాడి నోటా పెట్టి, హీరోతో మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడించడం చూస్తూ పెరిగాం. గురజాడ విజయనగరంలో జనం మాట్లాడే భాషతో నాటకం రాస్తే 1892లోనే రంగస్థలం ఎక్కింది. మనకెందుకు మొహమాటం? మా సినిమాలో తల్లి డైలాగు "ఎక్కడికి వెళ్తున్నావు? భోజనం చేసి వెళ్లు" అని రాశాను. ఆ పాత్ర వేసిన పెద్దావిడ కాగితం చూసి, "ఏటి బాబూ, కొడుకుతోటి ఇలాగ మాటాడతామా?" అని, "ఎటెల్తన్నావు? కూడు తినీసి ఎల్లు" అంది. అప్పటినుంచి డైలాగులు రాశాక ఊళ్లోవాళ్ల చేత గట్టిగా చదివిస్తాను. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మారుస్తాను. ఏడుపు, కోపం, ప్రేమ అన్నీ ఆ యాసలోనే ఉండాలి. అలాంటి మాటని డబ్బింగ్ థియేటర్లో మళ్లీ పట్టుకోవడం చాలా కష్టం, కాబట్టి లొకేషన్‌లోనే రికార్డు చెయ్యండి. కెమెరా అద్దెలో కొంత తగ్గించుకునైనా మంచి మైకు, దాన్ని పట్టుకోవడం వచ్చిన మనిషి ఉండాలి. గుడి మైకు ఏ టైముకి మొదలవుతుందో, మోటార్లు ఎప్పుడు ఆడతాయో ముందురోజే అడిగి కాల్‌షీటు వెయ్యండి.

ఎడిటింగ్ అయ్యాక, సెన్సార్‌కి పంపేముందు, తీసిన ఊళ్లోనే ఒకసారి వేసి చూపించండి. పొలం ఇచ్చిన రైతు ఇంటి ముందు తెల్ల దుప్పటి కట్టి మేం వేశాం. మీరు తెర చూడకండి, జనాన్ని చూడండి. ఎక్కడ పక్కవాళ్లతో మాట్లాడుకున్నారో ఆ నిమిషం రాసుకోండి. నేను ఆ రాత్రి రాసుకున్నదాన్ని బట్టి ఏడు నిమిషాలు కోసేశాను. సర్టిఫికెట్ వచ్చాక ఒక్క షాటు తీసినా, కలిపినా మళ్లీ సెన్సార్ బోర్డుకి చెప్పుకోవాలి. అందుకని ఆ కోత ఏదో ముందే కోసెయ్యండి.