కిడ్నీ మార్పిడి తర్వాత తిరస్కరణను మూత్ర పరీక్షతో పసిగట్టడం ఎలా

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిలో శరీర రోగనిరోధక వ్యవస్థ కొత్త కిడ్నీపై దాడి చేయడాన్నే తిరస్కరణ అంటారు. వారి ఫాలో-అప్‌లో ఇప్పటికీ అందరి చూపూ సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకె) మీదే ఉంటుంది. అది పెరిగే నాటికి కొత్త కిడ్నీకి కొంత నష్టం జరిగిపోయి ఉండవచ్చు. పైగా విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గినా, రక్తంలో టాక్రోలిమస్ (తిరస్కరణను అడ్డుకునే మందు) ఎక్కువైనా అదే క్రియాటినిన్ పెరుగుతుంది. అసలు కారణాన్ని బయాప్సీ తేలుస్తుంది గానీ, సూది గుచ్చి కిడ్నీ ముక్క తీసే పరీక్షను నెలనెలా చేయడం కుదరదు. అందుకే మూత్రంలోని బయోమార్కర్లపై (జబ్బు జాడ తెలిపే పదార్థాలపై), ముఖ్యంగా సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే కీమోకైన్లపై (రోగనిరోధక కణాలను రప్పించే ప్రోటీన్లపై) పరిశోధకులు దృష్టి పెట్టారు. చాలాచోట్ల ఈ పరీక్ష ఇంకా పరిశోధన స్థాయిలోనే ఉంది కనుక, మీ నెఫ్రాలజిస్టు సూచించినప్పుడే చేయించుకోవాలి.

దాత కిడ్నీని పరాయిదిగా గుర్తించిన టీ-కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో కిడ్నీలోని కణాలు ఈ కీమోకైన్లను తయారుచేసి మరిన్ని టీ-కణాలను రప్పిస్తాయి, అందులో కొంత మూత్రంలోకి దిగుతుంది. ఈ దారిలో మొదట వెతికింది ప్రోటీన్లను కాదు, వాటి తయారీకి కణాలు వాడే సందేశమైన ఎంఆర్‌ఎన్‌ఏను. 2001లో టీ-కణాలు దాడికి వాడే పెర్‌ఫోరిన్, గ్రాంజైమ్-బీ అనే ప్రోటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏలపై వచ్చిన అధ్యయనం, 2013లో అమెరికాలో 485 మంది గ్రహీతల మూత్రంపై వెలువడిన అధ్యయనం ఇందులో మైలురాళ్లు. అయితే ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి మూత్రంలోని కణాలను వెంటనే వేరుచేసి భద్రపరచాలి. ప్రోటీన్ పరీక్షకు అంత హడావిడి అవసరం లేకపోవడం వల్ల ఆసుపత్రి అవసరాలకు అదే అనువైనదని నా అభిప్రాయం.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ముందుగా చేతులు, మూత్రద్వారం చుట్టుపక్కల శుభ్రం చేసుకుని, మొదట వచ్చే కొద్ది మూత్రాన్ని వదిలేసి, మధ్య ధారను స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. డబ్బా మీద పేరుతో పాటు పట్టిన సమయం కూడా రాయించి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కు అందించాలి. నెలసరి రోజుల్లో ఈ శాంపిల్‌ను వాయిదా వేసుకోవడం మంచిది. అదే ఉదయం టాక్రోలిమస్ స్థాయికి కూడా రక్తం ఇవ్వాల్సి ఉంటే, ఉదయపు మాత్ర వేసుకోకముందే ఇవ్వాలని మరచిపోవద్దు. ఆ అంకె లేకుండా మూత్రపు ఫలితాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

రిపోర్టులో మిల్లీలీటరుకు ఇన్ని పికోగ్రాములు అని మాత్రమే ఉంటే సరిపోదు, క్రియాటినిన్‌తో భాగించిన నిష్పత్తిని అడగాలి. ఉదాహరణకు ఒకరోజు చిక్కని మూత్రంలో సీఎక్స్‌సీఎల్10 మిల్లీలీటరుకు 300 పికోగ్రాములు, క్రియాటినిన్ 1.5 మిల్లీగ్రాములు ఉన్నాయనుకుందాం. మరోరోజు నీళ్లు బాగా తాగినందువల్ల అవి 100 పికోగ్రాములకు, 0.5 మిల్లీగ్రాములకు తగ్గాయనుకుందాం. రెండు రోజుల్లోనూ నిష్పత్తి మిల్లీగ్రాము క్రియాటినిన్‌కు 200 పికోగ్రాములే, అంటే కిడ్నీలో మార్పేమీ లేదన్నమాట. కిట్‌ను బట్టి హద్దులు మారతాయి కాబట్టి వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చకుండా, ఒకే ల్యాబ్‌లో మీ ఫలితాలు ఎటు నడుస్తున్నాయో గమనించాలి.

నిష్పత్తి ఎక్కువగా వచ్చినంత మాత్రాన తిరస్కరణ అని తేల్చేయకూడదు. ఈ కీమోకైన్లు ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక కణాలు చేరి కలిగించే వాపు) ఉందని చెబుతాయి గానీ దాని కారణం చెప్పవు. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లోనూ, బీకే వైరస్ (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విజృంభించే వైరస్) కిడ్నీని పట్టినప్పుడూ ఇవి పెరుగుతాయి. ఈ రెండోది మరీ చిక్కైన సంగతి, ఎందుకంటే తిరస్కరణకు ఇమ్యునోసప్రెసెంట్లు (రోగనిరోధక శక్తిని అణచే మందులు) పెంచాల్సి వస్తే, బీకే వైరస్‌కు వాటిని తగ్గించాలి. కాబట్టి యూరిన్ కల్చర్, రక్తంలో బీకే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష, టాక్రోలిమస్ స్థాయి చూసిన తర్వాతే, అవేవీ కారణం కాదని తేలితే, వైద్యుడు బయాప్సీ వైపు వెళతాడు. మాత్రల మోతాదును సొంతంగా పెంచడం గానీ తగ్గించడం గానీ చేయరాదు.

నిష్పత్తి తక్కువగా వచ్చి, ఇతర పరీక్షలూ నిలకడగా ఉంటే, ఆ సమయంలో గణనీయమైన తిరస్కరణ ఉండే అవకాశం తక్కువ. నా దృష్టిలో ఈ పరీక్షకున్న అసలు విలువ ఇదే, అనవసరమైన బయాప్సీని వాయిదా వేయడానికి అది వైద్యుడికి కొంత ధైర్యం ఇస్తుంది. అయినా యాంటీబాడీల వల్ల కిడ్నీ రక్తనాళాల్లో మొదలయ్యే తిరస్కరణ కొన్నిసార్లు దీనికి చిక్కకపోవచ్చు. అందుకే దాతకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీల రక్త పరీక్షను, మూత్రంలో ప్రోటీన్ పరీక్షను మానకూడదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ బృందం 2023లో ప్రచురించిన యాదృచ్ఛిక ట్రయల్‌లో (రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి పోల్చే అధ్యయనంలో), మూత్రపు సీఎక్స్‌సీఎల్10 ఆధారంగా పర్యవేక్షించినవారికి ఏడాది చివర ఫలితాలు మెరుగుపడలేదు. అంటే పసిగట్టడం ఒకటి, కిడ్నీని కాపాడటం మరొకటి. తిరస్కరణకు చికిత్స పొందినవారు మాత్రం చికిత్సకు ముందు, తర్వాత ఒకే పద్ధతిలో ఇచ్చిన శాంపిళ్ల నిష్పత్తులను క్రియాటినిన్‌తో పాటు ఒకే పట్టికలో రాసి తదుపరి ఓపీకి తీసుకెళితే, ఇన్‌ఫ్లమేషన్ తగ్గుముఖం పట్టిందా లేదా అన్నది వైద్యుడు సులువుగా చూడగలుగుతారు.