పిల్లల భద్రత గురించి ఎవరిని అడగాలి? ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

పిల్లలతో ఇంగ్లండ్‌లో దిగిన వారం తిరక్కముందే ఎవరో ఒకరు మీ చెవిన వేసే మాట ఇది: "బడిలో ఇంటి సంగతులు చెప్పకండి, పిల్లల్ని తీసుకుపోతారు." ఈ భయంతో సాయం అవసరమైన రోజున కూడా నోరు మెదపని తల్లులను చూశాను. దయచేసి మీరు అలా ఉండిపోకండి. 1989 నాటి బాలల చట్టం ప్రకారం సోషల్ వర్కర్, అంటే పిల్లల సంక్షేమం చూసే కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఉద్యోగి, తనంతట తాను బిడ్డను తీసుకుపోలేరు. అందుకు కోర్టు ఉత్తర్వు గానీ తల్లిదండ్రుల సమ్మతి గానీ ఉండాలి. పెద్ద ప్రమాదం పొంచి ఉందనుకుంటే పోలీసులు మాత్రం 72 గంటల వరకు బిడ్డను రక్షణలో ఉంచవచ్చు. అదే చట్టంలోని 17వ సెక్షన్, అవసరంలో ఉన్న పిల్లల కుటుంబాలను ఆదుకోవడం కౌన్సిల్ బాధ్యత అంటోంది.

ప్రతి బడిలోనూ పిల్లల భద్రత చూసే సీనియర్ ఉద్యోగి ఒకరుంటారు. డిజిగ్నేటెడ్ సేఫ్‌గార్డింగ్ లీడ్ అంటారు. బిడ్డను చేర్పించిన రోజే ఆ పేరు అడిగి రాసుకోండి. అయితే బిడ్డ ప్రమాదంలో ఉందని తోస్తే వారు ఆ విషయం కౌన్సిల్‌కు తెలియజేయాల్సిందే, రహస్యంగా ఉంచలేరు. ముందు బయటివారితో మాట్లాడాలనిపిస్తే పిల్లల రక్షణ కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీకి 0808 800 5000లో ఫోను చేయండి, పేరు చెప్పనవసరం లేదు. ప్రాణాపాయమైతే 999.

చేయి చేసుకోవడం గురించి: స్కాట్లాండ్ 2020లో, వేల్స్ 2022లో పిల్లలను కొట్టడాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇంగ్లండ్ చట్టంలో "సమంజసమైన శిక్ష" అనే మినహాయింపు ఇంకా ఉంది, కానీ ఒంటిమీద వాత తేలితే అది మిమ్మల్ని కాపాడదు. ఆ మినహాయింపును నమ్ముకోకండి, అసలు కొట్టకండి.

మనవాళ్లు తెలియక చిక్కుల్లో పడేది మరోచోట. ఊళ్లో పెద్దవాళ్లకు బాగాలేక హఠాత్తుగా ఇండియా వెళ్లాలి, బడి పోతుందని బిడ్డను తెలిసినవాళ్ల ఇంట్లో వదులుతాం. పదహారేళ్లలోపు బిడ్డ దగ్గరి బంధువులు కానివారి ఇంట్లో 28 రోజులు, అంతకు మించి ఉండాలంటే దాన్ని ప్రైవేట్ ఫాస్టరింగ్ అంటారు. కౌన్సిల్‌కు ఆరు వారాల ముందే తెలపాలి. హఠాత్తు ప్రయాణమైతే వెంటనే తెలపాలి. చెప్పకపోవడం నేరం. దగ్గరి బంధువులంటే తాతలు, అమ్మమ్మ, నానమ్మ, బిడ్డ తోబుట్టువులు, తల్లిదండ్రుల సొంత తోబుట్టువులు, వారి భార్యాభర్తలు, సవతి తల్లి లేదా తండ్రి. అమ్మకు పిన్ని కూతురు మన లెక్కలో బిడ్డకు పిన్నే, ఈ చట్టం లెక్కలో కాదు. స్నేహితుల సంగతి చెప్పనక్కర్లేదు. తెలియజేస్తే కౌన్సిల్ ఉద్యోగి వచ్చి ఇల్లు చూసి, బిడ్డతో మాట్లాడి వెళ్తారు. మీరు దూరంగా ఉన్నప్పుడు బిడ్డను చూసేవాళ్లు మరొకరున్నారన్న ధైర్యం దొరుకుతుంది.

ఇంట్లో ఒంటరిగా వదలడానికి చట్టం వయసు నిర్ణయించలేదు, కానీ ప్రమాదం కలిగేలా వదిలితే నేరమే. పన్నెండేళ్లలోపు వారిని ఎక్కువసేపు, పదహారేళ్లలోపు వారిని రాత్రంతా వదలవద్దని ఎన్‌ఎస్‌పీసీసీ సలహా.

పిల్లలు తమ కష్టాలు చెప్పుకునే ఫోను సేవ చైల్డ్‌లైన్ నంబరు 0800 1111 మీ పిల్లలకు నోటికి వచ్చేలా నేర్పండి. మనకు చెప్పలేనిది వాళ్లు అక్కడైనా చెప్పుకుంటారు. సోషల్ వర్కర్‌తో మాట్లాడాల్సి వస్తే తెలుగు దుబాసీని అడగండి, బిడ్డ చేత మాత్రం అనువాదం చేయించకండి.