బోల్డ్ ఇటాలిక్ అక్షరాలు అలికినట్టు వస్తున్నాయా?

శీర్షికలోని ఇంగ్లిష్ అక్షరాలు మొద్దుగా ఉన్నాయనగానే చాలామంది టోనర్ మారుస్తారు, మంచి కాగితం తెప్పిస్తారు. దయచేసి ముందు ఒక్కటి చూడండి: మీరు వాడుతున్న సెరిఫ్ ఫాంట్‌కి (గీతల కొసల్లో చిన్న అడ్డగీతలుండే రకం) అసలు బోల్డ్ ఇటాలిక్ ఫైలు ఉందా?

సమస్య: అక్షరం వాలింది, కానీ ఇటాలిక్‌లా లేదు

ఇంగ్లిష్ చిన్న ‘ఏ’ (a) చూడండి. టైమ్స్ న్యూ రోమన్, జార్జియా లాంటి వాటిలో నిటారు ‘ఏ’కి పైన కొక్కెం ఉంటుంది, నిజమైన ఇటాలిక్‌లో ఉండదు. ‘ఎఫ్’ తోక కూడా గీత కిందికి దిగుతుంది. కొక్కెం అలాగే ఉండి అక్షరం పక్కకి ఒరిగిందంటే, ఇటాలిక్ ఫైలు దొరక్క సాఫ్ట్‌వేర్ నిటారు అక్షరాన్నే వంచింది. రెగ్యులర్, బోల్డ్, ఇటాలిక్, బోల్డ్ ఇటాలిక్ నాలుగు ఫైళ్లూ ఇన్‌స్టాల్ చేయండి.

సమస్య: రూపం సరిగ్గానే ఉంది, అయినా అలికినట్టుంది

అందరూ మోసపోయేది ఇక్కడే. ‘ఏ’ పరీక్షలో ఇది పాసైపోతుంది, ఎందుకంటే ఇటాలిక్ నిజమైనదే. నకిలీ అయింది బోల్డ్. డీఎం సెరిఫ్ డిస్‌ప్లే అనే ఫాంట్‌నే తీసుకోండి. అందులో రెగ్యులర్, ఇటాలిక్ మాత్రమే ఉన్నాయి. మీరు ‘బీ’ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ కాదనదు, ఉన్న ఇటాలిక్‌నే లావు చేసి చూపిస్తుంది.

డిజైనర్ గీసిన బోల్డ్‌లో లావు గీతలు బాగా లావెక్కుతాయి, సన్న గీతలు చాలావరకు సన్నగానే ఉంటాయి. లోపలి ఖాళీ మూసుకుపోకుండా అక్షరాన్ని కాస్త వెడల్పు చేస్తారు. సాఫ్ట్‌వేర్‌కి ఆ విచక్షణ లేదు, సన్న గీతకీ లావు గీతకీ ఒకే మందం పూస్తుంది. దాంతో సెరిఫ్‌లు ముద్దవుతాయి, ‘ఈ’ (e) కన్ను పూడిపోతుంది. తెరమీద పెద్ద సైజులో ఇది తెలియదు, చిన్న సైజులో ప్రింట్ తీశాకే బయటపడుతుంది.

నిర్ధారించుకోవడం తేలిక. పీడీఎఫ్‌ని అడోబీ రీడర్‌లో తెరిచి కంట్రోల్-డి నొక్కి, ఫాంట్స్ ట్యాబ్ చూడండి. అక్కడ ‘బోల్డ్ ఇటాలిక్’ అన్న పేరు లేకుండా ‘ఇటాలిక్’ మాత్రమే ఉంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: బోల్డ్ ఇటాలిక్ ఉన్న కుటుంబానికి మారండి. ఈబీ గారమండ్, ప్లేఫెయిర్ డిస్‌ప్లే, లోరా మూడింటికీ ఉంది. డీఎం సెరిఫే కావాలంటే బోల్డ్ తీసేసి సైజు పెంచండి, ఆ ఇటాలిక్ ఎలాగూ శీర్షికకి సరిపడా బరువుగానే ఉంటుంది. వెబ్‌సైట్ అయితే ఇటాలిక్‌లో 700 బరువుని (అంటే బోల్డ్‌ని) విడిగా తెప్పించుకోవాలి. సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఫాంట్-సింథసిస్‌కి ‘నన్’ (font-synthesis: none) పెడితే బ్రౌజర్ నకిలీ తయారుచేయడం మానేస్తుంది, లోపం వెంటనే కనబడుతుంది.

మిగతావి

మెనూలో బోల్డ్ ఫైలునే ఎంచుకుని మళ్లీ ‘బీ’ నొక్కితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండుసార్లు లావవుతుంది, బటన్ తీసేయండి. ఇటాలిక్ ‘ఎఫ్’ వెళ్లి బ్రాకెట్‌కి తగులుతుంటే బ్రాకెట్‌నీ ఇటాలిక్ చేయండి. అదే వరసలో తెలుగు కూడా ఒరిగిపోతే తెలుగుకి ఇటాలిక్ తీసేయండి, నోటో సెరిఫ్ తెలుగులో బోల్డ్ ఉంది గానీ ఇటాలిక్ లేదు. ఫాంట్ ఫైలు పాడవడం చాలా అరుదు, పైవన్నీ చూశాక ఒకసారి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడండి.