క్యూబ్స్ ఓఎస్‌లో ప్యాకేజీ నిలవకపోతే, దొరకకపోతే: సమస్య - పరిష్కారం

డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ వ్యవస్థలకు అలవాటుపడినవారు క్యూబ్స్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారిన తొలి వారంలోనే ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్టల) దగ్గర చిక్కుపడతారు. ఈ వ్యవస్థ జెన్ హైపర్‌వైజర్ (ఒకే కంప్యూటర్‌లో పలు వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద పలు వర్చువల్ మెషీన్లను నడుపుతూ, ఒక పనికి సోకిన ముప్పు మరొక పనికి పాకకుండా వాటిని విడివిడిగా ఉంచుతుంది. ఆ వర్చువల్ మెషీన్లనే క్యూబ్‌లు అంటారు. ఇక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కమాండ్ తప్పు కావడం వల్ల కాక, సరైన కమాండ్‌ను వేరే క్యూబ్‌లో ఇవ్వడం వల్ల వస్తాయి. కాబట్టి ఏ సమస్య వచ్చినా ముందుగా టెర్మినల్ విండో అంచు రంగునూ, శీర్షికలో కనిపించే క్యూబ్ పేరునూ చూడాలి. కింది వివరణలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీ, క్యూబ్‌ను మళ్లీ ప్రారంభించగానే మాయమవుతోంది

బ్రౌజర్‌లో తెలుగు అక్షరాల బదులు ఖాళీ గడులు కనిపిస్తున్నాయని యాప్ క్యూబ్‌లోనే (రోజువారీ ప్రోగ్రామ్‌లు నడిపే క్యూబ్‌లోనే) «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు» అని ఇస్తే ఫాంట్లు వస్తాయి, అక్షరాలూ కనిపిస్తాయి. ఆ క్యూబ్‌ను ఆపి మళ్లీ తెరిస్తే గడులే ఉంటాయి. యాప్ క్యూబ్‌కు సొంత రూట్ ఫైల్ వ్యవస్థ (సిస్టమ్ ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఉండే భాగం) లేకపోవడమే దీనికి కారణం. తెరిచిన ప్రతిసారీ అది తన టెంప్లేట్ (ఇతర క్యూబ్‌లకు మూలంగా ఉండే క్యూబ్) నుంచి రూట్‌ను అరువు తెచ్చుకుంటుంది, మూసినప్పుడు ఆ భాగంలో జరిగిన మార్పులన్నిటినీ వదిలేస్తుంది. హోమ్ డైరెక్టరీ, యూజర్ లోకల్ డైరెక్టరీ వంటి కొన్ని మాత్రమే నిలిచి ఉంటాయి.

దీన్ని లోపమని భావించకూడదు. బ్రౌజర్ ద్వారా చొరబడిన హానికర ప్రోగ్రామ్ సిస్టమ్ ఫైళ్లను మార్చినా, క్యూబ్‌ను మూయగానే ఆ మార్పులు పోయేలా కాపాడుతున్నది ఈ ఏర్పాటే.

పరిష్కారానికి, క్యూబ్ సెట్టింగ్స్‌లో అది ఏ టెంప్లేట్ మీద ఆధారపడిందో చూసి, ఆ టెంప్లేట్ టెర్మినల్‌లో ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. ఆ తరువాత ముందుగా టెంప్లేట్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, అప్పుడు యాప్ క్యూబ్‌ను ఆపి తిరిగి ప్రారంభించాలి. ఈ వరుస తప్పితే యాప్ క్యూబ్ పాత రూట్‌తోనే లేస్తుంది, చేసిన పని వృథా అయినట్టు కనిపిస్తుంది.

ప్రోగ్రామ్ టెర్మినల్ నుంచి నడుస్తున్నా మెనూలో కనబడకపోతే, క్యూబ్ సెట్టింగ్స్‌లోని అప్లికేషన్స్ ట్యాబ్‌లో జాబితాను రిఫ్రెష్ చేసి, దాని పేరును ఎంచుకున్నవాటి వైపుకు జరిపితే చాలు.

టెంప్లేట్‌లో ఇంటర్నెట్ రావడం లేదు

టెంప్లేట్ టెర్మినల్‌లో పింగ్ పనిచేయదు, వెబ్ పేజీ తెరుచుకోదు. చాలామంది ఇక్కడ కంగారుపడి, సెట్టింగ్స్‌లో టెంప్లేట్‌కు నెట్‌వర్క్ క్యూబ్‌ను తగిలిస్తారు. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక టెంప్లేట్ మీద పది క్యూబ్‌లు ఆధారపడి ఉంటే, ఆ టెంప్లేట్‌లోకి చేరిన హాని ఆ పదింటికీ చేరుతుంది. అందుకే దానికి నేరుగా ఇంటర్నెట్ ఇవ్వరు. ఆప్ట్, డీఎన్‌ఎఫ్ వంటి ప్యాకేజీ మేనేజర్లకు మాత్రం అప్‌డేట్స్ ప్రాక్సీ అనే దారి ఉంటుంది. టెంప్లేట్ లోపల 8082 పోర్టుకు వెళ్లిన అభ్యర్థన, క్యూబ్‌ల మధ్య పనిచేసే ప్రత్యేక వాహకం ద్వారా, మామూలుగా నెట్‌వర్క్‌ను చూసుకునే సిస్-నెట్ క్యూబ్‌కు చేరి అక్కడి నుంచి బయటికి వెళుతుంది. కనుక పింగ్ పలకకపోవడం ఏ లోపానికీ సూచన కాదు. «సుడో ఆప్ట్ అప్‌డేట్» పనిచేస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

అదీ విఫలమైతే సిస్-నెట్ నడుస్తోందో లేదో, వైఫై కలిసిందో లేదో చూడాలి. రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదని సందేశం వస్తే గడియారం వెనకబడి ఉన్నట్టు, సమయాన్ని సరిచేయాలి. అదనపు రిపాజిటరీ (ప్యాకేజీల భాండాగారం) సంతకం కీ కావలసి వస్తే, దాన్ని ఒక డిస్పోజబుల్ క్యూబ్‌లో (మూయగానే చెరిగిపోయే తాత్కాలిక క్యూబ్‌లో) దించుకొని, ఆ కీ వేలిముద్రను (దాన్ని గుర్తుపట్టే చిన్న సంకేతాన్ని) మరొక చోట ప్రచురించినదానితో సరిపోల్చి, ఆ తరువాతే టెంప్లేట్‌కు కాపీ చేయాలి. సంతకాల తనిఖీని ఆపివేసి ముందుకు వెళ్లమనే సలహా ఎక్కడ కనిపించినా పాటించకూడదు.

ప్యాకేజీ పేరు దొరకడం లేదంటోంది

టెంప్లేట్ డెబియనా, ఫెడోరానా అన్నది ముందు చూడాలి. డెబియన్‌లో ఫాంట్స్-తెలు అన్న పేరుతో ఉన్నది ఫెడోరాలో ఉండదు. అక్కడ లోహిత్-తెలుగు-ఫాంట్స్ అని వెతకాలి. పోతన2000, వేమన2000 ఫాంట్లు కావాలంటే డెబియన్‌లో రెండూ కలిపి ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అన్న ఒకే ప్యాకేజీలో వస్తాయి. పూర్తి పేరును ఊహించే బదులు «ఆప్ట్ సెర్చ్ తెలుగు» అనో «డీఎన్‌ఎఫ్ సెర్చ్ తెలుగు» అనో, చివరి పదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి వెతకడం నయం. ఆప్ట్ విషయంలో ముందుగా జాబితాను తాజా చేయడం మరవకూడదు.

వీడియో కోడెక్‌ల వంటివి ఫెడోరా టెంప్లేట్‌లో దొరకకపోతే, ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీలు నిర్వచించి ఉన్నా చేతనం కాకపోవడం కారణం కావచ్చు. వాటిని ఎనేబుల్ చేయాలి. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే మద్దతు ఉంటుంది కాబట్టి, గడువు దాటిన టెంప్లేట్‌తో కుస్తీ పట్టకుండా కొత్తదాన్ని తెచ్చుకోవడమే దారి.

విండో శీర్షికల్లో తెలుగు బదులు కింది గీతలు వస్తున్నాయి

దీన్ని ఫాంట్ల కొరతగా పొరబడి, డామ్ జీరోలో ప్యాకేజీలు ఎక్కించాలని చూస్తారు. డామ్ జీరో అంటే తెరనూ, డిస్కునూ, క్యూబ్‌లన్నిటినీ నడిపే ఆధిపత్య క్యూబ్. అది చెడితే యంత్రమంతా చెడినట్టే, అందుకే దానికి నెట్‌వర్క్ అసలే ఉండదు. క్యూబ్‌ల నుంచి వచ్చే శీర్షికల్లో ఆస్కీ (ప్రాథమిక ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల సమితి) కాని అక్షరాలను అది కావాలనే గీతలుగా మారుస్తుంది. నమ్మదగిన ఒక క్యూబ్‌కు మాత్రం తెలుగు శీర్షికలు తప్పనిసరి అనుకుంటే, డామ్ జీరో టెర్మినల్‌లో ఆ క్యూబ్‌కు జీయూఐ-అలౌ-యూటీఎఫ్8-టైటిల్స్ అన్న ఫీచర్‌ను 1కి మార్చి, క్యూబ్‌ను తిరిగి ప్రారంభించాలి. అప్పుడు నిజంగా ఫాంట్ అవసరమైతే క్యూబ్స్-డామ్0-అప్‌డేట్ అనే కమాండ్‌తోనే తెచ్చుకోవాలి. నా అభిప్రాయంలో గీతలతో సర్దుకోవడమే మేలు.

రిపాజిటరీలో లేని ప్రోగ్రామ్ కావలసి వచ్చింది

ఏదో వెబ్‌సైటు ఇచ్చే డెబ్ ఫైలును (డెబియన్ ప్యాకేజీ ఫైలును) రోజూ వాడే టెంప్లేట్‌లో ఎక్కించకూడదు. దానిలోని ఇన్‌స్టాల్ స్క్రిప్టులు రూట్ అధికారంతో (సిస్టమ్ మీద పూర్తి హక్కులతో) నడుస్తాయి, వాటి ప్రభావం ఆ టెంప్లేట్‌ను నమ్ముకున్న బ్యాంకు క్యూబ్ మీదా పడుతుంది. టెంప్లేట్‌ను క్లోన్ చేసి (నకలు తీసి), ఫైలును క్లోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఆ ప్రోగ్రామ్ అవసరమైన ఒక్క క్యూబ్‌కే ఆ క్లోన్‌ను టెంప్లేట్‌గా నిర్ణయించాలి. క్లోన్‌కు అప్‌డేట్లు వేరుగా పెట్టాలి. డెబ్ ఫైలుతో వచ్చిన ప్రోగ్రామ్ తన సొంత రిపాజిటరీని జతచేయకపోతే, దాని కొత్త వెర్షన్‌ను ఎప్పటికప్పుడు చూసి తెచ్చుకునే బాధ్యత వాడుకరిదే.