టేకు తోటలో మందు కొట్టే ముందు

తొలకరి పడి టేకు లేతాకు వేసిందో లేదో ఆకుతినే పురుగు దిగుతుంది. కొన్ని రోజుల్లోనే కొమ్మలకు ఈనెలు తప్ప ఏమీ మిగలవు. అది చూసి కంగారుగా మందుల షాపుకు వెళ్లేవాళ్లు ముందు నాలుగు ఆకులు తెంపి చూడండి. అంచు మడిచిన చోట విప్పితే లోపల పురుగు కనిపించాలి. మడతలన్నీ ఖాళీ అయితే అది అప్పటికే కిందికి దిగి ఎండాకుల్లో గూడు కట్టేసుకుంది. ఇక కొట్టినా దండగే. పెరిగిన టేకు ఈ పురుగుకు చావదు, మళ్లీ చిగురిస్తుంది. ఆ ఏటి ఎదుగుదల కొంత తగ్గుతుంది, అంతే. నన్నడిగితే మందు నర్సరీ మళ్లకూ, మన భుజం దాటని మొక్కలకూ చాలు.

ఎత్తు చెట్టుకు వీపు పంపుతో కొడితే మందు తిరిగి మన మొహం మీదే పడుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు. పత్తి మనిషెత్తు పెరగడం కూడా అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి.

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు ఉన్న మందు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లేత పురుగుకు 5 శాతం వేప గింజల కషాయంతో మొదలుపెట్టండి.

పంపులో ముందు మంచినీళ్లు పోసి ఓ పది నిమిషాలు వీపున మోయండి. మూత దగ్గర కారితే వెన్ను తడుస్తుంది, అప్పుడే వాషరు మార్చేయండి. మందు కలిపేటప్పుడే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే చేతిలో ఉన్నది చిక్కటి మందు. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు అప్పటికే వేసుకుని ఉండాలి. మాస్కు బదులు తువ్వాలు చుట్టుకునేవాళ్లున్నారు. అది మందు పీల్చుకుని, కొట్టినంతసేపూ ముక్కుకు ఆనించి పెడుతుంది. నాజిల్ మూసుకుపోతే పాత టూత్‌బ్రష్ వాడండి. నోటితో ఊదినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రాత్రంతా నాలుక మొద్దుబారింది.

గాలి ఉంటే ఆ రోజుకు మానేయండి. వానల్లో టేకు పూస్తుంది కాబట్టి, పూత మీద తేనెటీగలుంటే సాయంత్రం దాకా ఆగండి. పంపు వాగులో కడగొద్దు, పైరెత్రాయిడ్ రకం పురుగుమందు (సైపర్‌మెత్రిన్ లాంటిది) కొంచెం కలిసినా చేపలు తేలిపోతాయి. పుట్టగొడుగులకో, మేకలు తోలుకునో తోటలోకి వచ్చేవాళ్లు ఉంటారు. ముందురోజే ఊళ్లో చెప్పి, దారికి ఎర్రగుడ్డ కట్టండి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచేయండి. లేకపోతే రేపు దాంట్లో ఎవరో ఒకరు కిరోసిన్ పోసుకుంటారు.

చెమటలు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం, ఒళ్లు వణకడం కనిపిస్తే పని ఆపేయండి. బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, పాలో చింతపండు రసమో పట్టొద్దు. మందు డబ్బా లేబుల్ చెడకుండా సంచిలో కట్టి ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు దానికి తగ్గ విరుగుడు ఇవ్వగలడు.